10 వేలలో ఆఫీసు బట్టలు: రెడీమేడా, కుట్టించుకోవాలా?

గళ్ళచొక్కా:
బీరువా నిండా చొక్కాలే, పొద్దున్నే తీస్తే ఒక్కటీ కుదరదు. హైదరాబాద్‌లో ఆఫీసు. టై అక్కర్లేదు గానీ టీషర్టులు నడవవు. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, ఛాతీ 40, నడుము 36, కాస్త పొట్ట. రెడీమేడ్‌లో పొట్టకు సరిపోయింది తీసుకుంటే భుజాలు జారిపోతాయి, భుజాలకు సరిపోతే గుండీలు లాగుతాయి. బూట్లు నల్లవి ఒక జత ఉన్నాయి. ముందు ఏం కొనమంటారు?

కత్తెర_మాస్టర్:
భుజాలకొక సైజు, పొట్టకొక సైజు అడిగే ఒళ్ళు మీది. చొక్కాలు కుట్టించుకోండి. రెడీమేడ్‌లో చేతుల పొడవు, పక్కల లూజు, కింది అంచు తగ్గించడం తేలికే. భుజం తగ్గించాలంటే చెయ్యి మొత్తం విప్పి మళ్ళీ ఎక్కించాలి, ఆ పని చాలామంది టైలర్లు ఒప్పుకోరు. బిగుతైన చొక్కాని వదులు చేయాలంటే లోపల మార్జిన్ గుడ్డే ఉండదు.

కొలతలిచ్చేటప్పుడు ఇవి చూసుకోండి. భుజం కుట్టు సరిగ్గా ఎముక అంచున పడాలి. మీ ఛాతీ 40 కాబట్టి కుట్టిన చొక్కా 44 ఉంటే చాలు. టైలర్ని వదిలేస్తే 46 పెట్టేస్తాడు, గోనెసంచిలా ఉంటుంది. కాలర్ గుండీ పెట్టాక రెండు వేళ్ళు దూరాలి. పొడవు టక్ చేసుకోడానికైతే 29 అంగుళాలు, బయటికి వదిలేయడానికైతే 27. ఒకే చొక్కా రెండు రకాలుగానూ వాడదామనుకుంటే రెండిటికీ కాకుండా పోతుంది.

చాలామంది అడగనిది చంక లోతు. "ఫ్రీగా ఉంటుంది సార్" అని టైలర్లు చంకని బాగా కిందికి కోస్తారు. నిజానికి అక్కడే తేడా కొడుతుంది. చంక కిందికి జారినకొద్దీ చెయ్యెత్తితే చొక్కా మొత్తం దానితో పాటు లేచి టక్ ఊడొస్తుంది. ఒంటికి కాస్త దగ్గరగా, పైకి ఉంటేనే చెయ్యి స్వేచ్ఛగా కదులుతుంది.

బీరువాతాళం:
చొక్కాల సంగతి సరే, నేనైతే ముందు ప్యాంట్లంటాను. పొట్ట ఉన్నవాళ్ళు లో వెయిస్ట్ ప్యాంటు వేస్తే బెల్టు మీంచి పొట్ట వేలాడుతుంది, ఎంత మంచి చొక్కా వేసినా దాగదు. బొడ్డుకు కొంచెం కిందగా నిలిచేలా కుట్టించుకోండి. ముందు ఒక్కో పక్క ఒక్కో ప్లీట్ (నడుము దగ్గర కుట్టే మడత) పెడితే కూర్చున్నప్పుడు తొడల దగ్గర పట్టెయ్యదు. వెనక సీటు కుట్టులో అంగుళన్నర మార్జిన్ వదలమనండి, నడుము పెరిగినా ప్యాంటు పారేయక్కర్లేదు. పొడవు బూటు మీద ఒక్క చిన్న మడత పడేంత. 5 అడుగుల 6 అంగుళాల మనిషికి చీలమండ దగ్గర మూడు నాలుగు మడతలు పడితే ఇంకా పొట్టిగా కనిపిస్తాడు.

బూట్లు నల్లవే కాబట్టి ఒకటి ముదురు బూడిద రంగు, ఒకటి నేవీ బ్లూ. ఖాకీ, లేత గోధుమ రంగు ఇప్పుడు వద్దు, వాటికి గోధుమ రంగు బూట్లూ బెల్టూ వెతుక్కోవాలి. చొక్కాలు తెలుపు, లేత నీలం, సన్నటి నీలం గీతలది. రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, దేనిమీద ఏది వేసినా ఆరు జతలు.

నూలుపోగు:
గుడ్డ గురించి ఎవరూ ఎత్తలేదు. 58 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డైతే ఫుల్ హ్యాండ్స్ చొక్కాకి 1.6 మీటర్లు సరిపోతుంది. 36 పన్నా అయితే రెండున్నర దాకా పడుతుంది. మంగళగిరి లాంటి చేనేత గుడ్డలు మధ్యలో ఉంటాయి, రెండుంబావు తీసుకోండి. ధర చూసేముందు పన్నా అడగండి, మీటరు చవకని మోసపోయేది ఇక్కడే.

"ప్యూర్ కాటన్" అన్నారని నమ్మకండి. అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్ల అంటించండి. నూలైతే కాగితం కాలిన వాసనతో మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కలిస్తే కరిగి, చల్లారాక గట్టి నల్లపూసలా వేలికి తగులుతుంది. ఆ చొక్కా మే నెలలో వేసుకుంటే మీకే తెలుస్తుంది.

టైలర్‌కిచ్చే ముందు గుడ్డని రాత్రంతా చన్నీళ్ళలో నానబెట్టి నీడన ఆరేయండి. ముడుచుకునేది కుట్టకముందే ముడుచుకుంటుంది. ఇది చేయకపోతే కాలర్ లోపల గట్టిదనానికి వేసే బక్రం గుడ్డ అలాగే ఉండి పైగుడ్డ ముడుచుకుని, రెండు ఉతుకులకే కాలర్ మీద బొబ్బలు లేస్తాయి. టైలర్ కుట్టు చెడిందని తిట్టేది చాలాసార్లు ఇందుకే. ముదురు రంగైతే తడిగా ఉండగా తెల్లగుడ్డతో రుద్ది చూడండి, రంగు అంటుతుందో లేదో తేలిపోతుంది.

మూడూ చేనేతవి మాత్రం వద్దు. రోజూ ఇస్త్రీ తప్పదు, సాయంత్రానికి మళ్ళీ నలుగుతాయి. తెల్లదాని కింద తెల్ల బనియను కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఒంటి రంగుకు దగ్గరిది వేసుకోండి.

గళ్ళచొక్కా:
చాలా థాంక్సండీ. గుడ్డలు తెచ్చాను, నానబెట్టాను. టైలర్ మూడూ కలిపి ఆదివారానికి ఇచ్చేస్తానంటున్నాడు. ఇచ్చేయనా?

కత్తెర_మాస్టర్:
ఆగండి, ముందు లేత నీలం ఒక్కటే ఇవ్వండి. రెండుసార్లు ఉతికాక తొడుక్కుని కుర్చీలో కూర్చోండి. పొట్ట దగ్గర రెండు గుండీల మధ్య గుడ్డ నోరు తెరిస్తే అక్కడ ఇంకో అంగుళం కావాలి. రెండు చేతులూ పైకెత్తండి, టక్ ఊడొస్తే చంక అర అంగుళం పైకి. ఆ తేడాలు చీటీ మీద రాసి, మిగతా రెండు గుడ్డలతో పాటు ఆ చొక్కా కూడా ఇవ్వండి. నోటితో చెబితే కటింగ్ టేబుల్ దాకా వెళ్ళదు.