ఏడాది దాకా రంగు ముట్టకూడదట: ఇది చదువా, చాదస్తమా?

పటమట_పెన్సిల్:
విజయవాడ మొగల్రాజపురంలో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే ఆర్ట్ స్కూలుకి సాయంత్రం బ్యాచ్‌లో వెళ్తున్నాను. పగలు బ్యాంకు ఉద్యోగం. మా మాస్టారిది పాత ఫ్రెంచి అకడమిక్ పద్ధతి. ముందు చార్లెస్ బార్గ్ ప్లేట్లు, అంటే చూసి దించడానికని అచ్చువేసిన బొమ్మలు, చూసి ఉన్నదున్నట్టు దించాలి. (తెలియనివారి కోసం: బార్గ్ ఫ్రాన్సు లితోగ్రాఫర్, అంటే రాతి పలక మీద బొమ్మ గీసి అచ్చుతీసేవాడు. జెరోమ్ అనే పేరున్న చిత్రకారుడితో కలిసి, చెవి, ముక్కు, పాదం దగ్గర్నుంచి నిండు మనిషి దాకా రెండు వందలకి కాస్త తక్కువ ప్లేట్లు తయారుచేశాడు. 1866-71 మధ్య పారిస్‌లో గూపిల్ సంస్థ అచ్చువేసింది. వాన్‌గో బొమ్మలు మొదలుపెట్టిన కొత్తలో వీటినే పట్టుదలగా దించాడు.) ఆ తర్వాత తెల్ల ప్లాస్టర్ బొమ్మలు, బొగ్గుతో. ఆ తర్వాత నలుపు తెలుపులతో ఆయిల్. అసలు రంగులు ఏడాది దాటాకే. ఫోటో చూసి వేయడం పూర్తిగా నిషేధం. ఫోన్లు గుమ్మం దగ్గర ప్లాస్టిక్ బుట్టలో పడేసి లోపలికి రావాలి.

వేసవి సెలవుల్లో చేరినవాళ్ళలో సగం మంది మానేశారు. బెంజ్ సర్కిల్ వైపు ఎక్కడో నెల తిరిగేసరికి కాన్వాస్ మీద పోర్ట్రెయిట్ వేయించి, ఫ్రేము కట్టించి మరీ ఇస్తున్నారట. నా మటుకు మా మాస్టారి పద్ధతే సరైనదనిపిస్తోంది. కానీ వారానికి మూడు సాయంత్రాలు వచ్చేవాళ్ళకి కూడా ఇదే వరస ఉండాలా? మీరేమంటారు?

రంగులడబ్బా:
చాదస్తమే. మొహమాటం లేకుండా చెప్తున్నా. నేను పోర్ట్రెయిట్లు వేసి ఇల్లు గడుపుకుంటున్నవాణ్ణి. నాకొచ్చే పని ఎలాంటిదో వినండి. షష్టిపూర్తికి అమ్మానాన్నల జంట బొమ్మ కావాలంటారు. లేదంటే పోయిన తాతగారి బొమ్మ సంవత్సరీకానికి అందాలంటారు. ఆ తాతగారిది ఉన్నది ఒకే ఒక్క పాస్‌పోర్టు సైజు ఫోటో, అందులోనూ సగం మొహం చెమ్మకి పోయింది. ఎదురుగా కూర్చోబెట్టి వేయమంటే ఆయన్ని ఎక్కణ్ణుంచి తేను?

బెజవాడలోనైనా గుంటూరులోనైనా బొమ్మకి డబ్బులిచ్చేవాళ్ళు ఫోటో చేతిలో పెట్టి వెళ్ళేవాళ్ళే. ఆ పనికి అక్కరకు రాని చదువు ఏడాది చెప్పి ఫీజు తీసుకోవడం న్యాయమేనా? నెలల తరబడి ఒకే ప్లాస్టర్ ముక్కు గీస్తే కుర్రాళ్ళకి బొమ్మలంటేనే విరక్తి పుడుతుంది.

పటమట_పెన్సిల్:
రంగులడబ్బా గారూ, మీ తాతగారి ఫోటోయే నా వైపు సాక్ష్యం. సగం మొహం చెమ్మకి పోయిందన్నారు. ఆ సగం ఎక్కణ్ణుంచి తెచ్చి వేశారు? దవడ ఎముక ఎక్కడ మలుపు తిరుగుతుందో, కనుగుడ్డు గుండ్రం మీద పైరెప్ప ఎలా వంగుతుందో మీకు ముందే తెలుసు కాబట్టి వేశారు. అది ఆ ఫోటో నేర్పింది కాదు కదా.

నేనిప్పుడు గీస్తున్నది ఒక ప్లాస్టర్ తల, పక్కనుంచి ఒకే దీపం. ముక్కు పక్క నీడ చూడగానే అంతా ఒకటే నలుపు అనిపిస్తుంది. కళ్ళు సగం మూసి చూస్తే, వెలుగు నీడలోకి మలిగే అంచు అన్నిటికంటే చిక్కగా ఉంటుంది. అక్కణ్ణుంచి చెంప వైపు పోయేకొద్దీ, కింద బల్ల మీంచి వెనక్కి కొట్టే వెలుగు వల్ల నీడ కాస్త పల్చబడుతుంది. ఎంత పల్చబడినా వెలుగు వైపు ఉన్న ఏ ఛాయకంటేనైనా ముదురే. కొత్తవాళ్ళందరూ ఆ వెనక్కి కొట్టిన వెలుగుని మరీ తెల్లగా వేస్తారు. బొమ్మకి రేకు ముక్కు అతికించినట్టు ఉంటుంది.

అదే ముక్కుని ఫోన్‌తో తీయండి. ఫోను తనంతట తనే నీడల్ని లేపి, వెలుగుల్ని అణిచి, అంతా చదును చేసి చూపిస్తుంది. పైగా ఫోన్ కెమెరా లెన్సు వైడ్. దగ్గర్నుంచి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. మక్కీకి మక్కీ దించితే ఆ తేడాలు కూడా దిగుతాయి. ఫోటో వాడుకోండి, ఎవరు కాదన్నారు? అది ఎక్కడ అబద్ధమాడుతోందో కనిపెట్టగలిగాక వాడుకోండి.

గాంధీనగర్_బ్యానర్:
నాకు అరవై దాటాయి. గాంధీనగర్‌లో సినిమా ఆఫీసులు కళకళలాడిన రోజుల్లో బ్యానర్లు, కటౌట్లు వేశాను. బార్గ్ ఎవరో ఇప్పుడు మీ దగ్గరే వింటున్నా. మా పని అంతా ఫోటోయే. స్టిల్ మీద పెన్సిల్‌తో గళ్ళు, గుడ్డ మీద సుద్ద పూసిన దారం లాగి కొట్టి గళ్ళు. గడికి గడి దించడం. మొహం నీడలో నీలం, ఆకుపచ్చ ఎందుకు కొట్టేవాళ్ళమని చాలామంది నవ్వుతారు. రోడ్డవతల బస్సు కిటికీలోంచి చూసేవాడికి కూడా హీరో మొహం లేచి రావాలి బాబూ, అందుకు.

కానీ మొహం నా చేతికి ఎప్పుడొచ్చిందో అడగండి. మొదట బ్రష్షులు కడిగాను, సఫేదా (తెల్లరంగు పొడి) కలిపాను. తర్వాత అక్షరాలు. తర్వాత చొక్కాలు, చీరలు. హీరో చెయ్యి వేయనివ్వడానికే ఏళ్ళు పట్టింది. మొహం మాత్రం గురువుగారిదే. కాబట్టి ఆగమనడం ఫ్రెంచివాడి పిచ్చి అనుకోకండి, మా దగ్గరా ఉన్నదే. ఒకటే తేడా: ఆగినన్నాళ్ళూ మాకు కూలి వచ్చేది, మీరు ఎదురు ఫీజు కడుతున్నారు.

ఇంకో మాట. గళ్ళు ఏది ఎక్కడుందో చెప్తాయి, గుండ్రం చెప్పవు. ఫ్లెక్సు వచ్చి మా పొట్ట కొట్టాక బొమ్మల మీదే నిలబడగలిగినవాళ్ళు మనిషిని ఎదురుగా చూసి గీయగలిగినవాళ్ళే. మిగతావాళ్ళం నంబరు ప్లేట్లకి, గోడ రాతలకి పోయాం. అదీ అన్నం పెట్టిన పనే, తక్కువ చేసి అనడం లేదు.

అరండల్‌పేట_అమ్మ:
మాది గుంటూరు. మా అమ్మాయి ఇంటర్ రెండో ఏడు, ఎంపీసీ. ఇంజినీరింగ్ వద్దు, బొమ్మలే అంటోంది. ఇక్కడ ఇలాంటి పద్ధతిలోనే నేర్పే ఒక మాస్టారి దగ్గర వేశాం. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూలో (ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) బీఎఫ్‌ఏ, అంటే బొమ్మల డిగ్రీ, ఎంట్రన్స్‌కి మెమరీ డ్రాయింగ్, కలరింగ్ అడుగుతారట. ఏడాదంతా రంగే ముట్టకపోతే కలరింగ్ పేపర్లో ఏం వేస్తుంది? నాకు ఒకటే టెన్షన్. వాళ్ళ నాన్నగారు రోజూ ఆఫీసు నుంచి రాగానే "ఇవాళ ఏం గీసింది?" అంటారు. చూపిస్తే నిన్నటి చెవే.

బీఎఫ్‌ఏ_బ్యాక్‌బెంచ్:
ఆంటీ, నేను బీఎఫ్‌ఏ రెండో సంవత్సరం. ఎంట్రన్స్‌కి ప్లాస్టర్ బొమ్మ నేరుగా పనికిరాదు. బస్టాండు, కూరగాయల మార్కెట్, పండగ సందడి లాంటివి మనసులోంచి గీయగలగాలి. చిన్న స్కెచ్‌బుక్ ఇచ్చి మార్కెట్లో ఒక మూల కూర్చోబెట్టండి. మూట ఎత్తుకున్నవాడి నడుము ఎటు ఒరుగుతుంది, గంప దించేటప్పుడు మోకాలు ఎలా మడుస్తారు, ఇవి గీస్తూ పోతే చాలు. కలరింగ్‌కి పోస్టర్ కలర్లతో ఇంట్లో విడిగా ప్రాక్టీసు. మాస్టారికి చెప్పి చేయించండి, చాటుగా వద్దు.

అయితే పెన్సిల్ గారి వైపు కూడా ఒక మాట చెప్పాలి. వాళ్ళు చేయించే సైట్-సైజ్ పద్ధతిలో ఈజిల్‌ని (కాగితం నిలబెట్టే స్టాండు) బొమ్మ పక్కనే పెడతారు. కొన్ని అడుగులు వెనక్కి వెళ్ళి నిలబడితే బొమ్మ, కాగితం మీది గీత రెండూ ఒకే సైజులో కనిపించాలి. అక్కడ దారానికి బరువు కట్టి పట్టుకుని నిలువు సరిచూసుకుని, మళ్ళీ ముందుకు నడిచొచ్చి గీయాలి. ఈజిల్ దగ్గరికి చేరేదాకా ఆ కొలతని మనసులో మోసుకు రావాలి. మెమరీకి అది మంచి కసరత్తే. మా క్లాసులో అలా నేర్చుకుని వచ్చినవాళ్ళు కొలతల్లో తడబడరు. ఊహించి వేయమంటే మాత్రం బిక్కమొహం వేస్తారు.

బందరు_వాష్:
అసలు ఎవరి ముక్కు గీస్తున్నారండి మీరంతా? గ్రీకు దేవుడి ముక్కు. 1857లో బొంబాయిలో జేజే ఆర్ట్ స్కూలు పెట్టిన కాలం నుంచీ ఇదే వరస. అది నచ్చకే కలకత్తాలో ఆర్ట్ స్కూలు ప్రిన్సిపాల్ హావెల్, చిత్రకారుడు అవనీంద్రనాథ్ ఠాగూర్ వేరే దారి పట్టారు. ఆ గాలి మన దాకా వచ్చింది. 1910లో బందరులో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాలకి ప్రమోద్‌కుమార్ చటోపాధ్యాయ వచ్చి బొమ్మలు నేర్పారు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. వాష్ పద్ధతిలో పల్చటి రంగు వేయడం, కాగితాన్ని నీళ్ళతో తడపడం, మళ్ళీ రంగు. దీపం ఎటుందన్న గొడవే లేదు. గీతే ప్రాణం. ఇంత దగ్గర్లో అంత చరిత్ర పెట్టుకుని మళ్ళీ పారిస్ ప్లేట్లా?

సరే, చరిత్ర పక్కన పెట్టండి. తెల్ల ప్లాస్టర్ మీద నేర్చుకున్న షేడింగు మన చామనఛాయ ఒంటికి అతకదు. ప్లాస్టర్‌కి మెరుపుండదు, వెలుగు మెల్లగా నీడలోకి జారుతుంది. మన మనిషి నుదుటి మీద, అందులోనూ మే నెల చెమటలో, చురుక్కుమనే మెరుపు, దాన్ని ఆనుకునే ముదురు గోధుమ రంగు. మధ్యలో మెట్లు తక్కువ. ప్లాస్టర్ అలవాటుతో వేసిన పోర్ట్రెయిట్లలో మనవాళ్ళందరూ పౌడరు పూసుకున్నట్టే ఉంటారు.

పటమట_పెన్సిల్:
చర్మం సంగతి మీరన్నది నిజం. ప్లాస్టర్ తర్వాత నేరుగా మనిషి దగ్గరికి పోకుండా మధ్యలో ఇత్తడి చెంబు, వంకాయ లాంటి మెరిసేవి పెట్టి గీయిస్తారు మా మాస్టారు. అది చాలదేమో, ఇంకా ఎక్కువ చేయించాలి.

చరిత్ర విషయంలో మాత్రం ఒప్పుకోను. రాజమండ్రి చిత్రకారుడు దామెర్ల రామారావు (1897-1925) సంగతేంటి? అక్కడి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర ప్రోత్సాహంతో మీరు తిడుతున్న ఆ జేజేకే వెళ్ళి చదువుకున్నాడు. తిరిగొచ్చి వేసిన బొమ్మల్లో గీత మన గీతే. కానీ ఆ చీర మడత కింద తుంటి ఉందని, భుజం కింద ఎముక ఉందని తెలుస్తుంది. రాజమండ్రిలో ఆయన పేరు మీద గ్యాలరీ ఉంది, వెళ్ళి దగ్గర్నుంచి చూడండి. గ్రీకు ముక్కు ఆయన్ని గ్రీకువాణ్ణి చేయలేదు.

పైగా మా గదిలో ఉన్నవాళ్ళంతా గ్రీకులే కాదు. మాస్టారు ఈమధ్య తెనాలిలో విగ్రహాలు చేసే ఒక శిల్పి దగ్గర తలపాగా రైతు తల అచ్చు పోయించి తెచ్చారు. అది పాత తల కంటే కష్టంగా ఉంది. ముడతలు చూస్తూ కూర్చుంటే పెద్ద ఆకారం తప్పిపోతుంది. మొదట ఆ నున్నటి గ్రీకు తలలు ఎందుకు పెడతారో అప్పుడు అర్థమైంది.

కృష్ణలంక_సివిల్:
కిటికీ సంగతి ఎవరూ ఎత్తడం లేదు. ఈ స్కూళ్ళన్నీ ఉత్తరం వెలుగు కోసం పట్టుబడతాయి. ఎండ నేరుగా పడదు, నీడలు కదలవు అని. పారిస్‌కి, ఫ్లోరెన్స్‌కి ఆ మాట సరిపోతుంది. విజయవాడ 16.5 డిగ్రీల అక్షాంశం మీద ఉంది. మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నం సూర్యుడు మనకి ఉత్తరం వైపునే ఉంటాడు. జూన్‌లో పొద్దున్న, సాయంత్రం ఎండ ఉత్తరం కిటికీలోంచి ఏటవాలుగా లోపలికి కొడుతుంది. సెలవుల బ్యాచ్ సరిగ్గా అప్పుడే!

ఇక సాయంత్రం బ్యాచ్ ఎలాగూ దీపం కిందే. బల్బు కొనేటప్పుడు డబ్బా మీద సీఆర్‌ఐ (ఆ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె) 90 పైన ఉందో లేదో చూడండి. బొగ్గు పనికి ఏ బల్బైనా ఫర్వాలేదు. రంగుకొచ్చేసరికి చవక ఎల్‌ఈడీ కింద ఎరుపు చచ్చిపోతుంది. ఏడాది దాకా రంగు వద్దనడం వెనక అసలు కారణం ఆ బల్బేనేమో మీ మాస్టారిని ఒకసారి అడగండి.

రంగులడబ్బా:
అన్నీ మాట్లాడారు, నేనడిగిన న్యాయం మాట తేలలేదు. ఇవాళ్టికీ ఈ పద్ధతి నడుస్తున్న ఫ్లోరెన్స్ అకాడమీ ఆఫ్ ఆర్ట్ లాంటి చోట్ల పిల్లలకి అదే పూర్తికాలం చదువు. ఇక్కడ రెండేసి గంటల చొప్పున మూడు సాయంత్రాలు, అందులో ఒకటి వానకో, పెళ్ళికో పోతుంది. అక్కడి వరస ఇక్కడ దింపితే రంగు దాకా వచ్చేసరికి మనవలు పుడతారు. ఫోటో సంగతి కాసేపు వదిలేద్దాం. ఈ గంటల లెక్కకి జవాబు చెప్పండి.

పటమట_పెన్సిల్:
చెప్తాను. గంటలు తక్కువైతే ప్లేట్ల సంఖ్య తగ్గించాలి, ఒక్కో బొమ్మ మీద పెట్టే సమయం తగ్గించకూడదు. పది ప్లేట్లు హడావిడిగా గీసే బదులు రెండు ప్లేట్లు తప్పు పట్టలేనంతగా, ఒక ప్లాస్టర్ తల పూర్తిగా. తర్వాత నేరుగా మనిషి. రంగు కూడా ఏడాది దాకా ఆపక్కర్లేదని ఇప్పుడు నాకూ అనిపిస్తోంది. స్వీడన్ చిత్రకారుడు ఆండర్స్ జోర్న్ పేరు మీద చెప్పుకునే నాలుగు రంగులున్నాయి: తెలుపు, ఎల్లో ఓకర్ (మట్టి పసుపు), వెర్మిలియన్ ఎరుపు, నలుపు. నీలం లేకపోయినా నలుపులో తెలుపు కలిపితే ఓకర్ పక్కన నీలంగానే కనిపిస్తుంది. బందరు_వాష్ గారు చెప్పిన చామనఛాయకి ఆ నాలుగూ చాలావరకు సరిపోతాయి. వీటితో ఆరో నెలలో మొదలుపెట్టొచ్చు. మాస్టారితో ఈ మాట అన్నాను, ఆలోచిద్దాం అన్నారు. ఫోన్ బుట్ట మాత్రం తీసేది లేదట. అక్కడ నేను ఆయన వైపే.

రంగులడబ్బా:
ఆరు నెలలంటే సగం దిగొచ్చారు. ఫోన్ బుట్ట దగ్గర మాత్రం మీకూ నాకూ పడదు.

అరండల్‌పేట_అమ్మ:
అందరికీ థాంక్సండి. అమ్మాయి ఇదంతా చదివింది. మార్కెట్‌కి ఆదివారం తీసుకెళ్తాను. ఈలోగా ఇంట్లో వాళ్ళ నాన్నగారినే కూర్చోబెట్టి గీస్తానంటోంది. ఆయన ఐదు నిమిషాలు ఒక్కచోట కుదురుగా ఉండే మనిషి కాదు. ఏం చేయమంటారు?

బీఎఫ్‌ఏ_బ్యాక్‌బెంచ్:
టీవీలో క్రికెట్ మ్యాచ్ పెట్టండి ఆంటీ. టీవీకి పక్కగా కూర్చుని గీయమనండి, మూడొంతుల మొహం దొరుకుతుంది. వికెట్ పడితే ఎలాగూ లేస్తారు, అప్పుడు పెన్సిల్ చెక్కుకోవచ్చు.