తొమ్మిది సర్వర్లకు ఒకే సెట్టింగ్స్: ఆర్‌సింక్‌తో దెబ్బతిన్నాను, దారి చెప్పండి

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
అందరికీ నమస్తే. నా చేతిలో తొమ్మిది ఉబుంటు సర్వర్లున్నాయి, అన్నింట్లో ఎంజిన్‌ఎక్స్ (వెబ్‌సైట్ నడిపే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్). ఇన్నాళ్లూ ఒకటో సర్వర్‌లో సెట్టింగ్ మారిస్తే రోజూ రాత్రి క్రాన్‌లో (టైమ్‌కి పనులు నడిపేది) ఆర్‌సింక్ (ఫైళ్లు కాపీ చేసే టూల్) నడిచి మిగతా ఎనిమిదింటికి కాపీ చేసి రీలోడ్ కొట్టేది. రెండు వారాల కింద కూడా అలాగే ఒక మార్పు పంపాను, ఏ ఎర్రరూ రాలేదు, సైటు బ్రహ్మాండంగా నడిచింది. మొన్న శనివారం రాత్రి కర్నెల్ ప్యాచ్ వేసి అన్నీ రీబూట్ చేస్తే ఒకటో సర్వర్ ఒక్కటే లేచింది, లోడంతా దాని నెత్తిన పడి కాసేపటికి అదీ చతికిలబడింది. ఎనిమిదింటినీ చేత్తో సరిచేసేసరికి తెల్లారింది. ఎంజిన్‌ఎక్స్ ఏ అడ్రస్ మీద వినాలో చెప్పే లిజన్ లైన్‌లో ఒకటో సర్వర్ ప్రైవేట్ ఐపీ రాశాను, తప్పు నాదే. కానీ రెండు వారాలు ఎలా నడిచింది? ఇప్పుడు ఒకాయన ఈటీసీడీ (సెట్టింగ్స్‌ని కొన్ని సర్వర్లలో కలిపి దాచే డేటాస్టోర్) పెట్టమంటాడు, ఇంకొకాయన ఎన్‌ఎఫ్‌ఎస్‌లో (ఒక సర్వర్‌లోని ఫోల్డర్‌ని నెట్‌వర్క్‌లో పంచుకునే పద్ధతి) ఒకే ఫోల్డర్ పెట్టి అన్నింటికీ మౌంట్ చేసేయ్ అంటాడు. ఏది వినాలి?

అమీర్‌పేట్ అన్న:
అది నడిచింది పాత సెట్టింగ్ మీద తమ్ముడూ. రీలోడ్ అంటే నడుస్తున్న ప్రాసెస్‌కి సిగ్నల్ పంపడమే, కొత్త ఫైల్‌లోని ఐపీ పనికిరాకపోతే ఎంజిన్‌ఎక్స్ ఎర్రర్ లాగ్‌లో ఒక లైన్ రాసి పాతదాంతోనే కొనసాగుతుంది, కమాండ్ మాత్రం ఏమీ జరగనట్టు తిరిగొస్తుంది. తనది కాని ఐపీ మీద బైండ్ అవడం (ఆ అడ్రస్ పట్టుకుని వినడం) కుదరదు కాబట్టి రీబూట్ అయ్యాక లేవలేదు. రీలోడ్‌కి ముందు మైనస్ టి (nginx -t) తో టెస్ట్ చేసి ఉంటే అక్కడే దొరికేది, అదీ ఏ సర్వర్‌కి ఆ సర్వర్ మీద చేయాలి. ఒకటోదాంట్లో పాసైందని మిగతావీ పాసైనట్టు కాదు.

క్వోరమ్ కుర్రాడు:
ఈటీసీడీ చెడ్డదని కాదు బ్రో, నీ సమస్య అది కాదు. ఎంజిన్‌ఎక్స్ దాన్ని నేరుగా చదవదు, మధ్యలో ఇంకో ప్రోగ్రాం పెట్టి ఫైల్ రాయించి మళ్లీ అదే రీలోడ్ కొట్టించాలి. పైగా మూడు నోడ్లుంటే ఒకటి పోయినా తట్టుకుంటుంది, నాలుగు పెట్టినా తట్టుకునేది ఒకటే, రెండు పోయినా నిలవాలంటే ఐదు కావాలి. తొమ్మిది సర్వర్ల కోసం ఇంత కాపురమా? ఎన్‌ఎఫ్‌ఎస్ సంగతి సరేసరి, ఆ ఒక్క డబ్బా పడుకున్న రోజు రీబూట్ చేసిన సర్వర్ ఏదీ లేవదు.

అమీర్‌పేట్ అన్న:
ఆన్సిబుల్ చాలు, ఒక చోటి నుంచి అన్ని సర్వర్లకూ సెట్టింగ్స్ పంపే టూల్ అది. ఏజెంట్ (ప్రతి సర్వర్‌లో ఎప్పుడూ నడిచే ప్రోగ్రాం) అక్కర్లేదు, ఎస్‌ఎస్‌హెచ్, పైథాన్ ఉంటే సరిపోతుంది. అందరికీ ఉమ్మడిగా ఉండేవి గ్రూప్ వేరియబుల్స్‌లో, ఒక్కో సర్వర్‌కి ప్రత్యేకమైనవి హోస్ట్ వేరియబుల్స్‌లో రాయి, రెండింట్లోనూ ఉంటే హోస్ట్‌దే చెల్లుతుంది. అసలు ఐపీతో పనిలేకపోతే లిజన్‌లో పోర్ట్ నంబర్ ఒక్కటే పెట్టు, గొడవే ఉండదు. ఫైళ్లన్నీ గిట్‌లో (మార్పుల చరిత్ర దాచే టూల్) ఉండాలి. మామూలుగా ఆన్సిబుల్ ఒకేసారి ఐదు సర్వర్ల మీద పడుతుంది, కాబట్టి ఒక్కొక్కటిగా వెళ్లేలా సీరియల్ ఒకటి అని పెట్టు, మొదటిది ఫెయిలైతే మిగతావాటి జోలికి వెళ్లదు. ముందు చెక్, డిఫ్ ఆప్షన్లు రెండూ ఇచ్చి నడిపితే ఏమీ మార్చకుండా తేడాలు మాత్రం చూపిస్తుంది.

పప్పెట్ పెద్దాయన:
ఒక చిన్న అభ్యంతరం. ఆన్సిబుల్ మీరు నడిపినప్పుడే పనిచేస్తుంది, అర్ధరాత్రి ఎవరో చేత్తో మార్చిపోతే దానికి తెలియదు. అలాంటిదే ఇంకో టూల్ పప్పెట్, దాని ఏజెంట్ మామూలుగా 30 నిమిషాలకోసారి చూసి సరిచేస్తుంది. మీ టీమ్‌లో సర్వర్‌లోకి దూరి వేలు పెట్టే అలవాటు ఉంటే దీని గురించీ ఆలోచించండి.

గచ్చిబౌలి నైట్‌షిఫ్ట్:
అన్నా, చెక్, డిఫ్ ఇచ్చి నడిపాను. ఎనిమిదింట్లోనూ మళ్లీ ఒకటో సర్వర్ ఐపీయే వచ్చి కూర్చుంది! శనివారం అన్నీ సరిచేశాను గానీ ఒకటోదాంట్లో ఫైల్ ముట్టుకోలేదు, క్రాన్ ఆపడం మరిచాను. ఇంకో రీబూట్ పడి ఉంటే మళ్లీ అదే కథ. ఇప్పుడే క్రాన్‌లో ఆ లైన్ తీసేశాను, చేతులు ఇంకా వణుకుతున్నాయి.