రాణిగంజ్‌లో పాత స్కూబా ట్యాంకు దొరికింది, కొనవచ్చా?

మణికొండ మీనం:
అందరికీ నమస్కారం. మొన్న డిసెంబరులో అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో డైవింగ్ కోర్సు పూర్తి చేశాను. అప్పటినుంచి నేల మీద కాలు నిలవడం లేదు. ఆదివారం పంపు విడిభాగం కోసం రాణిగంజ్ వెళితే ఒక పాత సామాను కొట్టులో పసుపుపచ్చ ట్యాంకు కనిపించింది. అల్యూమినియంది, 'ఎనభై' సైజు, అంటే సుమారు ఎనభై ఘనపుటడుగుల గాలి పట్టేది. పన్నెండు వేలు చెబుతున్నాడు. వాల్వు బాగానే తిరుగుతోంది, లోపల గాలి కూడా ఉంది. అది అయిపోతే తెలిసిన చోట నింపించి ఇస్తానంటున్నాడు. కొనేయనా, స్టీలు దాని కోసం ఆగనా? ఇంట్లో ఎక్కడ పెట్టాలి? మాది మూడో అంతస్తు, పడమటి బాల్కనీ ఉంది.

నెలకోసారి విశాఖ:
ఏ నీళ్లలో వాడతారు? డైవ్ నడిపేవాళ్లు ట్యాంకు, నడుముకు కట్టుకునే బరువులు మామూలుగా వాళ్ల రుసుములోనే ఇస్తారు. నింపిన సిలిండర్‌ను రైలెక్కనివ్వరు. విమానంలో అయితే వాల్వు విప్పి, ఖాళీ అని చూపించాలి. కారులో విశాఖ ఆరు వందల కిలోమీటర్ల పైమాట. ఇవన్నీ తెలిసి కూడా నేనొకటి కొన్నాను. ప్రస్తుతం మా పడకగది తలుపు గాలికి కొట్టుకోకుండా ఆపుతోంది. ముందు మీ ముఖానికి సరిపడే మాస్కు, ఆ తరువాత లోతు, సమయం లెక్కగట్టే డైవ్ కంప్యూటర్, ట్యాంకు గాలిని నోటికి అందించే రెగ్యులేటర్ కొనుక్కోండి.

సైనిక్‌పురి పెద్దాయన:
నేవీలో ఇరవై రెండేళ్లు నీళ్లలో గడిపినవాణ్ని. బాబూ, 'వాల్వు బాగానే తిరుగుతోంది' అన్నారు చూడండి, అక్కడే నాకు భయం వేసింది. మీరు చూడవలసింది వాల్వు కాదు, ట్యాంకు భుజం. మెడ కింద వంపు తిరిగిన చోట అక్షరాలు కొట్టి ఉంటాయి. నింపవలసిన ఒత్తిడి, తయారైన నెల, సంవత్సరం, ఆ తరువాత జరిగిన నీటి ఒత్తిడి పరీక్షల తేదీలు అక్కడే దొరుకుతాయి. అవి చదివి రండి. 1990కి ముందుదైతే బేరం కూడా ఆడకండి. అప్పట్లో చాలావాటిని 6351 అనే మిశ్రమలోహంతో చేశారు. ఏళ్ల తరబడి ఒత్తిడిలో ఉన్నవాటిలో కొన్నింటికి మెడ దగ్గర పగుళ్లు వచ్చి, నింపేటప్పుడు పేలినవి ఉన్నాయి. ఇప్పటివి 6061తో వస్తున్నాయి.

లోపల ఉన్న గాలిని మాత్రం పీల్చకండి. ఎప్పటిదో, ఎవరు నింపారో తెలియదు. నా దగ్గరికి ఒకాయన మూడేళ్లు మూలన పెట్టిన స్టీలు సిలిండర్ తెచ్చారు. గాలంతా వదిలి, వాల్వు విప్పి, గిన్నెలోకి వంచితే రెండు చెంచాల నీళ్లు కారాయి, డికాక్షన్ రంగులో. వేళ్ల మధ్య రాస్తే ఇసుకలా గరగరలాడాయి. తుప్పు పట్టడమంటే లోపలి ఆక్సిజన్ ఖర్చవడమే. గేజీ ఒత్తిడి బాగానే చూపిస్తుంది, పీల్చినవాడు మాత్రం స్పృహ తప్పుతాడు.

'తెలిసిన చోట' అంటే ఎక్కడో అడగండి. పంక్చరు కొట్టు కంప్రెసర్ అయితే దండం పెట్టి వచ్చేయండి. పీల్చే గాలి కోసమే చేసిన కంప్రెసర్ కావాలి, దాని ఫిల్టర్ ఎప్పుడు మార్చారో వాళ్లు చెప్పగలగాలి. గాలి లాక్కునే గొట్టం జనరేటర్ పొగ పక్కన ఉండకూడదు. ఒకసారి అలాంటి చోట నింపించి, పది మీటర్ల లోతు నుంచి తలనొప్పితో పైకి వచ్చాను.

స్టీలా, అల్యూమినియమా అన్నారు. మీరు చెప్పిన 'ఎనభై' లోపలి పరిమాణం 11.1 లీటర్లు. 200 బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దాకా నింపితే సుమారు 2,200 లీటర్ల గాలి. ఆ గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. అందుకే డైవ్ చివర అల్యూమినియం ట్యాంకు తేలిపోతూ మిమ్మల్ని పైకి లాగుతుంది, నడుముకు సీసం ఎక్కువ కట్టుకోవాలి. స్టీలుకు ఆ బాధ తక్కువ. కాకపోతే లోపల ఒక్క చుక్క తేమ చేరినా దానికి తుప్పే.

పడమటి బాల్కనీ వద్దు. నిండు ట్యాంకులో పది డిగ్రీల వేడి పెరిగితే ఏడు బార్ దాకా ఒత్తిడి పెరుగుతుంది. ఇంట్లో నీడన, పడిపోకుండా గోడకు కట్టి నిలబెట్టండి. లోపల ఇరవై, ముప్పై బార్ ఉంచితే చాలు, తేమ చొరబడదు. నీళ్లలో ఉండగా పూర్తిగా ఖాళీ చేసుకోకండి, సముద్రం లోపలికి వస్తుంది. పైకి వచ్చాక అడుగు తొడుగు ఊడదీసి మంచినీళ్లతో కడగండి, ఉప్పు దాని కిందే దాక్కుంటుంది. ఏటా ఒకసారి విప్పించి, దీపం పెట్టి లోపల చూపించండి. రంగు పోయిందని బాలానగర్‌లో పౌడర్ కోటింగ్ చేయించకండి, భట్టీ వేడికి అల్యూమినియం బలం పోతుంది.

మణికొండ మీనం:
పెద్దాయనగారూ, ఇప్పుడే వెళ్లి చూసి వచ్చాను. భుజం మీద 3ఏఎల్ 3000 (అల్యూమినియం రకం గుర్తు, నింపే ఒత్తిడి), కిందే 4, 86 అని ఉన్నాయి, అంటే 1986 ఏప్రిల్‌ది. ఆ తరువాత ఒక్క పరీక్ష తేదీ కూడా లేదు. వద్దన్నాను. మూడు వేలకు ఇస్తాను, పూలకుండీ చేసుకోమంటున్నాడు.

సైనిక్‌పురి పెద్దాయన:
మీకు పూలకుండీ వద్దు గానీ ఆ కొట్టువాడికి ఒక మాట చెప్పండి. తుక్కుకు వేసేముందు వాల్వును కొద్దికొద్దిగా తెరిచి గాలంతా పోనివ్వమనండి, గంట పట్టినా సరే. చప్పుడు ఆగాక ఒక పూట అలాగే తెరిచి ఉంచి, అప్పుడు మెడ విప్పమనండి. కోత యంత్రం మాత్రం దాని దగ్గరికి తేవద్దనండి.