సకగుచి ప్రభావాన్ని సైటేషన్ల లెక్క నిజంగా చెప్పగలదా?

ప్రయోగశాల (చర్చ ప్రారంభం):

2025 వైద్యశాస్త్ర నోబెల్ బహుమతిని షిమోన్ సకగుచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ పంచుకున్నారు. రక్షణ కణాలు సొంత శరీరం మీదికే దాడికి దిగకుండా ఆపే నియంత్రక టీ కణాల గుట్టు విప్పినందుకు వారికి ఈ గౌరవం దక్కింది. మా విభాగంలో నియామకాల చర్చ వచ్చినప్పుడు ఒక సీనియర్ అధ్యాపకుడు, సకగుచి సైటేషన్లను, అంటే ఆయన పత్రాలను ఇతర పరిశోధకులు తమ పత్రాలలో ఎన్నిసార్లు ప్రస్తావించారన్న లెక్కను చూపించి, లెక్కలు ఎప్పుడూ అబద్ధం చెప్పవని అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. పరిశోధకుల విలువను పత్రాల సంఖ్యతో, సైటేషన్లతో కొలవడం న్యాయమేనా? అనుభవమున్నవారు చెప్పగలరు.

గ్రంథాలయం:

నేను ఆ అధ్యాపకుని పక్షమే. 2015లోనే థామ్సన్ రాయిటర్స్ సంస్థ, సైటేషన్లను విశ్లేషించి, నోబెల్‌కు తగినవారిగా సకగుచి, ఈథన్ షెవాక్, అలెగ్జాండర్ రుడెన్‌స్కీ పేర్లను ప్రకటించింది. స్వీడన్‌లోని కమిటీ పదేళ్ల తరువాత వారిలో సకగుచిని ఎంచుకుంది. పైగా మన విశ్వవిద్యాలయాలలో సంఖ్యలను తీసేస్తే మిగిలేది సిఫారసు. 2010లో యూజీసీ తెచ్చిన ఏపీఐ పద్ధతికి, అంటే అధ్యాపకుల బోధనకు, పరిశోధనకు మార్కులు వేసే పద్ధతికి, ఎన్ని లోపాలున్నా, వెనక పెద్ద దిక్కు లేని అభ్యర్థి తన పని ఇదీ అని బల్ల మీద పెట్టి చూపగలిగే ఆధారం అందులో ఉండేది.

కణవిద్య:

గ్రంథాలయం గారూ, సిఫారసుల గురించి మీరన్నది నేను కాదనను. కానీ మీరు చెప్పిన 2015 జాబితాలోనే మీ వాదనకు జవాబు ఉంది: అందులో బ్రంకో లేరు, రామ్స్‌డెల్ కూడా లేరు.

ఒంటినిండా పొలుసులు లేచి, మగపిల్లలు కొద్ది వారాలకే చనిపోయే ఒక ఎలుకల జాతి 1940లలో అమెరికాలోని ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో అనుకోకుండా పుట్టింది. దానికి కారణమైన జన్యువును బ్రంకో, రామ్స్‌డెల్ ఒక కంపెనీ ప్రయోగశాలలో కూర్చుని వెతికారు. ఎక్స్ క్రోమోజోములో సుమారు 5 లక్షల న్యూక్లియోటైడ్ల మేరకు గాలింపును కుదించి, అందులోని 20 జన్యువులను ఒక్కొక్కటిగా పరీక్షిస్తే, చివరిదైన ఇరవయ్యో దానిలో లోపం దొరికింది. అదే ఫాక్స్‌పీ3. ఆ పత్రం 2001లో వచ్చింది. మనుషులలో ఐపెక్స్ అనే ప్రాణాంతక వ్యాధికి కూడా ఈ జన్యువు చెడిపోవడమే కారణమని అదే ఏడాది తేలింది. 2005లో హిర్ష్ ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ (కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పత్రాలు పది ఉంటే ఆ సూచిక పది) ఎవరికైనా వారి పత్రాల సంఖ్యను మించదు. కంపెనీలో ఏళ్ల తరబడి పనిచేసి కొద్ది పత్రాలు మాత్రమే ప్రచురించినవారికి, వాటిలో ఒకటి ఒక శాస్త్రశాఖ దిశనే మార్చినా, ఆ సూచిక పెరగదు.

ఇక సకగుచి సంగతి. పుట్టిన మూడో రోజున, టీ కణాలు తయారయ్యే థైమస్ గ్రంథిని తీసేస్తే ఆడ ఎలుకల అండాశయాలు దెబ్బతింటాయని 1969లో నిషిజుకా, సకకురా చూపారు. ఆ వింతను పట్టుకుని సకగుచి, ఆరోగ్యవంతమైన ఎలుకల టీ కణాలను అలాంటి ఎలుకలకు ఎక్కిస్తే జబ్బు ఆగుతుందని నిరూపించారు. అయితే ఇతర రక్షణ కణాలను అదుపు చేసే టీ కణాలు ఉంటాయన్న అణచివేత టీ కణాల సిద్ధాంతమే 1980లలో కుప్పకూలింది. దానికి ఆధారమన్న ఐ-జే జన్యువు, ఉండాలన్న చోట లేదని తేలడంతో, ఆ మాట ఎత్తినవారిని అనుమానంగా చూసే రోజులు వచ్చాయి. ఆయన మాత్రం వదల్లేదు. 1995లో ది జర్నల్ ఆఫ్ ఇమ్యునాలజీలో, పైపొర మీద సీడీ25 అనే ప్రోటీన్ గుర్తు ఉన్న టీ కణాలను తీసేసి మిగిలినవాటిని థైమస్ లేని ఎలుకలకు ఎక్కిస్తే స్వీయ నిరోధక వ్యాధులు వస్తాయని, ఆ కణాలను తిరిగి చేరిస్తే రావని చూపించారు. ఈ రెండు కథలూ 2003లో కలిశాయి: ఆ కణాలను తీర్చిదిద్దేది ఫాక్స్‌పీ3యే అని ఆయన బృందంతో పాటు రుడెన్‌స్కీ, రామ్స్‌డెల్ బృందాలూ తేల్చాయి. సైటేషన్ల వరద ఆ తరువాతి మాట. అది ఒక రంగం ఆయనను ఒప్పుకున్నదని చెప్పే లెక్కే గాని, ఒప్పుకోని ఏళ్లలో ఆయన చేసిన పని విలువను చెప్పే లెక్క కాదు. నియామకాలు జరిగేది మాత్రం సరిగ్గా ఆ ఏళ్లలోనే.

గ్రంథాలయం:

బ్రంకో విషయంలో మీ మాట ఒప్పుకుంటున్నాను. కానీ 1988లో సకగుచి పత్రాలను చదివి నిర్ణయించే కమిటీ ఉండి ఉంటే, అణచివేత కణాలపై ఆనాటి నిపుణుల అభిప్రాయాన్ని బట్టి, ఆయనకు ఉద్యోగం ఇచ్చేదా? చదివేవారి కళ్లకూ ఆ కాలపు గంతలే ఉంటాయి కదా.

కణవిద్య:

ఇచ్చేది కాకపోవచ్చు. అయినా చదివిన కమిటీని, ఈ ప్రయోగంలో మీకు ఎక్కడ తప్పు కనబడింది అని అభ్యర్థి నిలదీయగలడు. కమిటీ తన కారణాన్ని రాతపూర్వకంగా ఇవ్వాలన్న నియమం కోసమే నేను మా విభాగంలో పట్టుబడుతున్నాను. ప్రయోగశాల గారూ, మీ దగ్గర కూడా ముందుగా అది అడిగి చూడండి.