అప్‌డేట్: హన్మకొండలో ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) బోటు, చివరికి ఏ ఇంజిన్ తీసుకున్నానంటే

మొదటి రేసింగ్ బోటుకు 26 సీసీ పెట్రోల్ ఇంజినా, నైట్రో ఇంజినా, బ్యాటరీతో నడిచే బ్రష్‌లెస్ మోటారా అని పోయిన నెల అడిగాను కదా. సలహాలిచ్చిన అన్నలకు థాంక్స్. బ్రష్‌లెస్, దానికి 4ఎస్ లైపో (నాలుగు సెల్‌ల లిథియం పాలిమర్ బ్యాటరీ) తీసుకున్నా.

నైట్రో మీద మనసు పీకింది, ఆ చప్పుడే వేరు. కానీ అందులో పోసేది ఎక్కువ భాగం మిథనాల్. అంటుకుంటే ఎండలో మంట కనపడదు. ఇంట్లో చిన్నపిల్లలున్నారు, వద్దనుకున్నా. పెట్రోల్ మొదటి బోటుకు బరువెక్కువ.

మొదటి ఆదివారమే దెబ్బ పడింది. హసన్‌పర్తి వైపు ఒక చెరువులో తిప్పుతుంటే సిగ్నల్ పోయింది. బోటు ఆగలేదు, అదే స్పీడులో వచ్చి కట్ట రాళ్లకు గుద్దుకుంది. తప్పు నాదే, ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారు ఆపే ఏర్పాటు) సెట్ చేయలేదు. బోటులోని రిసీవర్ చివరిసారి ఇచ్చిన థ్రాటిల్‌నే పట్టుకుని కూర్చుంది. బట్టలుతికేవాళ్లు అప్పటికే వెళ్లిపోయారు కాబట్టి సరిపోయింది. ఇప్పుడు ముందుగా బోటును స్టాండు మీద పెట్టి, ప్రొపెల్లర్‌కు చేయి దూరంగా ఉంచి, కొంచెం థ్రాటిల్ ఇచ్చి ట్రాన్స్‌మిటర్ (చేతిలోని రిమోట్) ఆఫ్ చేస్తున్నా. మోటారు ఆగితేనే నీళ్లలోకి.

ఇంకో తలనొప్పి గుర్రపుడెక్క. వేళ్లు ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటే కరెంటు ఎక్కువ లాగి ఈఎస్‌సీ (మోటారు స్పీడ్ కంట్రోలర్) కాలిపోవచ్చు. బోటు చెరువు మధ్యలో ఆగితే ఈదుకుంటూ పోవద్దన్నారు, పోలేదు. గాలం తీగకు టెన్నిస్ బాల్ కట్టి విసిరి, బోటును ఒడ్డుకు లాగాను. అరగంట పట్టింది, చూసే పిల్లలకు మాత్రం పండగే.

పగిలిన ముక్కుకు ఎపాక్సీ పూశా. బ్యాటరీని నిల్వ కోసం సెల్‌కు 3.8 వోల్టుల దగ్గర ఉంచి పక్కన పెట్టా.