రూమ్మేట్ గే అని తెలిసింది, రూమ్ మారాలనిపిస్తోంది. తప్పా?

రెండో_మంచం:
ముందే చెప్తున్నా, తిట్టించుకోడానికి రాలేదు. ఎనిమిది నెలలుగా ఒకే రూమ్‌లో ఇద్దరం ఉంటున్నాం. రెండు మంచాల మధ్య నాలుగు అడుగులు కూడా ఉండవు. మనిషి మంచివాడు. అద్దె ఒక్క రోజు ఆలస్యం చేయలేదు. నాకు జ్వరం వచ్చిన వారం రాత్రి రెండింటికి లేచి మాత్ర ఇచ్చింది అతనే.

పోయిన ఆదివారం ఏదో మాటల్లో "నీకు గర్ల్‌ఫ్రెండ్ లేదా" అని అడిగాను. కాసేపు ఫోన్ చేతిలో తిప్పుతూ కూర్చుని "నేను గే" అన్నాడు. "నీకు ఇబ్బందైతే చెప్పు" అని కూడా అన్నాడు. నేను "ఛ, ఇబ్బందేంటి" అన్నాను. అబద్ధం. ఆ రాత్రి నుంచి నిద్ర సరిగ్గా పట్టట్లేదు. స్నానం చేసి టవల్‌తో బయటికి రావడం మానేశాను. బట్టలు బాత్రూమ్‌లోనే మార్చుకుంటున్నా. మొన్న తడి నేల మీద ప్యాంటు ఎక్కించుకోబోయి జారి మోచెయ్యి గీరుకుపోయింది. అతనే దూది తెచ్చి "ఎలా తగిలింది" అన్నాడు. ఏం చెప్పను?

రూమ్ మారితే అది వివక్ష అవుతుందా? చేరిన రోజే అతను నాకు చెప్పి ఉండాల్సిందా? పక్క రూమ్‌లో ఇంకో ఇద్దరున్నారు, వాళ్లకి చెప్పాలా వద్దా? దయచేసి సూటిగా చెప్పండి.

సూటిమాట:
ఇందులో తప్పేముంది బ్రో? గురక పెడతాడని రూమ్ మారిన వాళ్లున్నారు, లైటార్పడని మారిన వాళ్లున్నారు. వాళ్లనెవరూ బోనెక్కించలేదు. నువ్వు పడుకునే చోట నీకు నిద్ర పట్టాలి, అంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఇంకో మాట. పరిచయం లేని ఆడామగా ఇద్దర్ని ఒకే రూమ్‌లో ఎందుకు ఉంచరు? ఆకర్షణకి అవకాశం ఉంటుందనే కదా. అక్కడ ఒప్పయిన లెక్క ఇక్కడికి వచ్చేసరికి వివక్ష ఎలా అవుతుందో ఎవరైనా చెప్పండి. బూతులు తిట్టకుండా చెప్పండి.

గోడవైపు:
ఆ నాలుగు అడుగుల అవతల మంచం నాది. నీ రూమ్మేట్‌ని కాదులే, కంగారు పడకు. వేరే రూమ్, వేరే ఊరు. పదేళ్లలో ఆరు రూములు మారాను.

ఈ పదేళ్లలో నాకు పట్టుబడిన విద్యలు చెప్తా. ఎవరైనా చొక్కా విప్పుతుంటే గోడవైపు తిరిగి పడుకోవడం. ఇద్దరు నవ్వుతూ తోసుకుంటుంటే అందులో కలవకపోవడం. ఫోన్‌లో మాట్లాడేటప్పుడు "అతను" అనాల్సిన చోట "ఆమె" అనడం. ఒకసారి ఒకే వాక్యంలో రెండూ వచ్చేశాయి. రూమ్‌లో ఎవరూ గమనించలేదు, కానీ నాకు అరగంట సేపు చేతులు వణికాయి. రూమ్‌లో అందరికంటే తక్కువ చూసేది నేనే. నా కళ్లకి నేనే కాపలా.

నీ ఇబ్బంది అబద్ధమని అనను. ఒక్కటి అడుగుతా. ఎనిమిది నెలలు టవల్‌తో తిరిగావు. ఆ ఎనిమిది నెలల్లో అతను నీ వైపు ఒక్కసారైనా తేడాగా చూశాడా? చూసి ఉంటే రూమ్ మారు, నేనే సామాను సర్దిపెడతా. చూడకపోతే, ఆదివారం తర్వాత మారింది ఎవరు?

సూటిమాట:
@గోడవైపు అన్నా, మీ బాధ అర్థమైంది. నా ప్రశ్న మాత్రం అలాగే ఉంది.

మూడో_అంతస్తు:
సూటిమాట గారూ, ఆడామగా సంగతి నేను చెప్తాను, ఆడదాన్ని కాబట్టి. మాకు విడి రూములు కావాలనేది ఎవరో మమ్మల్ని చూసి ముచ్చట పడతారని కాదు. తలుపు గడియ వేశాక లోపల ఏం జరిగినా ఎదిరించలేమనే భయంతో. ఆకర్షణ వేరు, భయం వేరు. ఆకర్షణే కొలమానమైతే ఆడవాళ్లూ మగవాళ్లూ ఇద్దరూ నచ్చేవాళ్లు ఉంటారు, వాళ్లని ఏ రూమ్‌లో పెడతారు? దీవిలోనా? ఇద్దరు గే అబ్బాయిల్ని కూడా కలిపి ఉంచకూడదు మరి. మీ లెక్క పట్టుకుని పోతే చివరికి అందరికీ తలా ఒక రూమ్ కట్టించాలి.

నా అనుభవం ఒకటి చెప్తా. నాతో ఉన్న ఒక అమ్మాయి లెస్బియన్. తనతో రెండేళ్లు ఉన్నాను, ఒక్క రోజు ఇబ్బంది పడలేదు. ఇబ్బంది పెట్టింది ఇంకో రూమ్మేట్ దగ్గరికి వచ్చే బాయ్‌ఫ్రెండ్. చెప్పకుండా వస్తాడు, హాల్లో సోఫాలో కాళ్లు చాపుకుని కూర్చుంటాడు, నేను నీళ్లకి వంటింట్లోకి వెళ్తుంటే తల తిప్పి మరీ చూస్తాడు. దాని గురించి మాట్లాడినందుకు నేనే "అతి చేస్తున్నా" అని పేరు పడింది.

పాతఫైలు:
ఈ వాదన చాలా పెద్ద ఎత్తున ఇదివరకే జరిగింది, రూమ్‌లో కాదు, సైన్యాల్లో. అక్కడ కలిసి పడుకోవడం, కలిసి స్నానం చేయడం తప్పదు కాబట్టి.

1993లో అమెరికా సెనేటర్ శామ్ నన్ నార్ఫోక్ నౌకా స్థావరానికి వెళ్లి జలాంతర్గామిలో దిగారు. కెమెరాల ముందు, ఒకదాని మీద ఒకటి అరల్లా ఉండే మంచాల మధ్య నిలబడి, ఇంత ఇరుకులో గే నావికుడితో కలిసి ఉండటం మీకెలా ఉంటుందని అక్కడున్న వాళ్లని అడిగారు. చాలామంది కుదరదన్నారు. ఆ ఏడాదే "అడగొద్దు, చెప్పొద్దు" చట్టం వచ్చింది. గే అయినా ఉండొచ్చు, బయటపడితే మాత్రం ఉద్యోగం పోతుంది.

2010లో అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ దాదాపు 4 లక్షల మంది సైనికులకి ప్రశ్నపత్రం పంపింది. సుమారు 1,15,000 మంది జవాబిచ్చారు. ఆ చట్టం తీసేస్తే మంచే జరుగుతుందనో, మంచీ చెడూ రెండూ ఉంటాయనో, ఏమీ కాదనో అన్నవాళ్లు దాదాపు 70 శాతం. ఇక్కడో మెలిక ఉంది. తమ యూనిట్‌లో ఒకరు గే లేదా లెస్బియన్ అనుకుంటూ వాళ్లతో పనిచేసిన వాళ్లని విడిగా అడిగితే, యూనిట్ కలిసి పనిచేసిన తీరు బాగుందనో, ఫర్వాలేదనో అన్నవాళ్లు 92 శాతం. అంటే భయమంతా ఎక్కువగా ఊహలో ఉంది. విడి బాత్రూములు, విడి బ్యారక్‌లు పెట్టాలన్న సూచనని ఆ నివేదికే వద్దంది. 2011 సెప్టెంబర్ 20న చట్టం పోయింది.

బ్రిటన్‌లో ఇంకా సూటిగా తేలింది. పక్కవాళ్లకి ఇబ్బంది, అందుకే సైన్యంలో గేలకి నిషేధం అని ప్రభుత్వం వాదించింది. 1999లో యూరప్ మానవ హక్కుల కోర్టు ఒప్పుకోలేదు. వేరే జాతి వాళ్ల మీద, వేరే రంగు వాళ్ల మీద ఉండే అయిష్టం ఎలా సాకు కాదో, ఈ అయిష్టం కూడా అంతేనంది. 2000 జనవరిలో నిషేధం ఎత్తేశారు.

సూటిమాట:
బాగుంది. కానీ సైన్యంలో పై అధికారి ఉంటాడు, తేడా వస్తే శిక్ష ఉంటుంది. మా ఫ్లాట్‌లో పై అధికారి ఎవరు? గిన్నెలు కడగడానికే వంతు కుదరదు ఇక్కడ. పైగా సైనికుడు రూమ్ ఎంచుకోలేడు, నేను ఎంచుకోగలను. ఎంచుకునే వీలున్నప్పుడు ఎంచుకుంటే తప్పేంటి?

@మూడో_అంతస్తు, భయం వేరు అన్నారు చూడండి, అది ఒప్పుకుంటున్నా. ఆ తేడా నాకు తట్టలేదు.

నిదానం:
ఎంచుకోవడం మీద సూటిమాటకి చట్టం తోడుంది. అమెరికాలో రూమ్మేట్‌లని వెతికిపెట్టే ఒక వెబ్‌సైట్, చేరేవాళ్లు మగా ఆడా, గే అవునా కాదా, పిల్లలున్నారా అని అడిగేది. దాని మీద కేసు ఏళ్ల తరబడి నడిచింది. 2012లో ఫెడరల్ అప్పీల్ కోర్టు తేల్చిందేమిటంటే, ఇళ్లు అద్దెకివ్వడంలో వివక్ష కూడదన్న చట్టం, ఒకే ఇంట్లో ఎవరితో కలిసి ఉండాలో ఎంచుకునే మనిషికి వర్తించదు. నాలుగు గోడల మధ్య ఎవర్ని రానివ్వాలనేది నీ సొంత విషయం.

అయితే చట్టం పట్టుకోదంటే సరైన పనే అని కాదు. బంధువు చనిపోతే చూడ్డానికి వెళ్లకపోయినా పోలీసులు రారు.

చేరిన రోజే చెప్పాలా అన్నదానికి: @రెండో_మంచం, నువ్వు చేరిన రోజు "నాకు అమ్మాయిలంటే ఇష్టం" అని చెప్పి చేరావా? లేదు కదా. అతనికి మాత్రం ఎందుకు ఆ డ్యూటీ?

కొత్తగా_వచ్చా:
అసలు ఇది జబ్బు కదండీ? ట్రీట్‌మెంట్ ఇప్పిస్తే రూమ్ మారే అవసరమే ఉండదు.

పాతఫైలు:
కాదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ 1973లోనే జబ్బుల జాబితాలోంచి తీసేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లో తీసేసింది. మీరు కొత్తగా వచ్చారేమో గానీ ఆ సంగతి పాతది.

గోడవైపు:
మూడో ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. నాకు మిగతా రెండిటికంటే అదే ముఖ్యం. పక్క రూమ్ వాళ్లకి చెప్పాలా? వద్దు. వద్దంటే వద్దు.

నేను వదిలేసిన ఆరు రూముల్లో మూడు ఇలాగే పోయాయి. నేను ఒకడికి చెప్పాను, వాడు "నీ మంచికే" అని ఇంకొకడికి చెప్పాడు. నాలుగో రోజు హాల్లోకి వెళ్తే మాటలు ఆగిపోయాయి. ఎవరూ ఏమీ అనలేదు. వాష్ బేసిన్ దగ్గర నా సబ్బు మాత్రం పక్కకి జరిగి ఉంది, విడిగా. ఆ జరిగిన నాలుగు అంగుళాలు ఇప్పటికీ గుర్తున్నాయి. రూమ్ మారినవాడి మీద నాకు కోపం లేదు. చాటినవాడిని మాత్రం క్షమించలేదు.

నిదానం:
దీని మీద ఒక చేదు సంగతి ఉంది. 2010 సెప్టెంబర్‌లో అమెరికాలోని రట్గర్స్ యూనివర్సిటీలో కొత్తగా చేరిన విద్యార్థి తన రూమ్‌లో ఇంకో అబ్బాయితో ఉండగా, రూమ్మేట్ వేరే రూమ్‌లోంచి వెబ్‌క్యామ్ ఆన్ చేసి చూశాడు. ఆ సంగతి ట్విట్టర్‌లో కూడా పెట్టాడు. కొద్ది రోజులకి ఆ అబ్బాయి ప్రాణం తీసుకున్నాడు. రూమ్మేట్ మీద కేసు నడిచింది. ఒకే రూమ్‌లో ఇద్దరుంటే ప్రమాదం ఎటు నుంచి ఎటు అనేది మనం అనుకున్నట్టే ఉండదు.

మూడో_అంతస్తు:
రెండో_మంచం గారూ, ఒక చిన్న మాట. మీరు మారాలనుకుంటే మారండి, ఎవరూ ఆపరు. కానీ మీరే మారండి, అతన్ని పొమ్మనకండి. ఇబ్బంది మీది కాబట్టి సామాను మోయాల్సింది కూడా మీరే. కారణం అడిగితే "ఆఫీసు దూరం" అని అబద్ధం మాత్రం చెప్పకండి. అతనికి తెలిసిపోతుంది. నా ఫ్రెండ్‌కి ప్రతిసారీ తెలిసిపోయింది.

సూటిమాట:
నిజం చెప్తే ఇంకా ఎక్కువ బాధ కదా? దీనికి అబద్ధమే నయం అంటాను. ఇక్కడ మాత్రం మీతో కలవను.

గోడవైపు:
బాధే. కానీ అబద్ధమైతే ఆ బాధ పడుతూనే దాన్ని నమ్మినట్టు నటించాలి కూడా.

రెండో_మంచం:
ఐదు రోజులైంది, ఏమైందో చెప్పాలి కదా.

గోడవైపు అన్నా, మీ ప్రశ్నకి జవాబు: ఒక్కసారి కూడా చూడలేదు. రెండు రోజులు బాగా వెనక్కి వెళ్లి ఆలోచించా. నేను టవల్‌తో వచ్చినప్పుడల్లా అతను ఫోన్‌లో తల పెట్టుకునో, గోడవైపు తిరిగో ఉండేవాడు. మూడీ మనిషి అనుకునేవాడిని.

నిన్న రాత్రి లైటార్పాక చెప్పా, మొహం చూడాల్సిన పని లేదని. "ఆ రోజు ఇబ్బంది లేదన్నాను కదా, అది నిజం కాదు" అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "తెలుసు. నువ్వు బట్టలు పట్టుకుని బాత్రూమ్‌లోకి వెళ్లడం మొదలుపెట్టిన రోజే తెలిసింది" అన్నాడు. మోచెయ్యి ఎందుకు గీరుకుపోయిందో కూడా తెలుసట. తను అప్పటికే వేరే చోట రూమ్ చూసి మాట్లాడి వచ్చాడట, అడ్వాన్స్ ఇవ్వడమే మిగిలింది. నేను పొమ్మనకముందే తనే పోవడానికి సిద్ధంగా ఉన్నాడు. అది విన్నాక నాకు చాలా చిన్నతనంగా అనిపించింది.

"ఈ నెల చూద్దాం, కుదరకపోతే నేను మారతాను, నువ్వు కాదు" అన్నాను. సరే అన్నాడు. మంచాల మధ్య కర్టెన్ కడదామా అని కూడా తనే అడిగాడు. వద్దన్నాను, తర్వాత కట్టినా ఫర్వాలేదేమో అనిపించింది, మళ్లీ అడగలేదు. పక్క రూమ్ వాళ్లకి ఏమీ చెప్పలేదు.

ఇంకా బట్టలు బాత్రూమ్‌లోనే మార్చుకుంటున్నా. లోపల నేల తుడుచుకుని.