జెస్సీ జేమ్స్ చావు వార్త ఉన్న పాత పేపర్ దొరికింది, అసలుదేనా?

ప్రశ్న:
అందరికీ నమస్తే. మేం కాన్సాస్ సిటీలో ఉంటాం. నిన్న ఒక పాత సామాన్ల షాపులో 1882 ఏప్రిల్ 4 నాటి పేపర్ కనపడింది, ముందు రోజు పేరుమోసిన అమెరికా దోపిడీ దొంగ జెస్సీ జేమ్స్‌ని అతని ముఠాలోని బాబ్ ఫోర్డ్ కాల్చి చంపిన వార్త, మధ్యలో జేమ్స్ ఫొటో. అది జరిగిన సెయింట్ జోసెఫ్ మాకు గంట దూరమే, అందుకే ఆశ పుట్టింది. ఫ్రేము మాత్రం విప్పనివ్వట్లేదు. కొనమంటారా?

జవాబు:
ఫొటో అన్నారు చూశారా, నాకు అనుమానం అక్కడే. అప్పటి పేపర్లలో బొమ్మ ఉందంటే దాదాపుగా చెక్కి అచ్చేసిన గీతల బొమ్మే. భూతద్దం పెట్టండి, ఫొటోల అచ్చులో ఉండే చిన్న చిన్న చుక్కలు కనపడితే తర్వాతెప్పుడో వేసిన నకలు. ఫ్రేము విప్పకపోతే వదిలేయండి, ఎందుకంటే అసలు సంగతంతా వెనకవైపే ఉంటుంది: వేరే వార్తలు, మందుల ప్రకటనలు, సీసం అక్షరాలు నొక్కుకున్న గరుకు వేలికి తగలడం. ఎడమ అంచున కుట్టు రంధ్రాలుంటే భయపడకండి, లైబ్రరీలు ఏడాది పేపర్లన్నీ కలిపి బైండు చేసి తర్వాత వదిలించుకున్నవే చాలావరకు అమ్మకానికి వస్తాయి, నాకైతే అవి మంచి గుర్తు.

ప్రశ్న అడిగినవారు:
మళ్ళీ వెళ్ళి గట్టిగా అడిగితే విప్పాడండీ. చుక్కలున్నాయి, వెనక ఖాళీ, రంగు టీలో ముంచినట్టు అంతా ఒకేలా ఉంది 😀

జవాబు:
బతికిపోయారు. అసలువాటికి అంచులు, మడతలు ఎక్కువ ముదురుతాయి. ఈసారి సెయింట్ జోసెఫ్ పేపరే కావాలని పట్టుబట్టకండి, ఆ వార్త టెలిగ్రాఫ్‌లో దేశమంతా పాకింది, దూరపు ఊళ్ళ పేపర్లు తక్కువకే దొరుకుతాయి. కొనేముందు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ వాళ్ళు పాత పేపర్లు ఆన్‌లైన్‌లో పెట్టిన క్రానిక్లింగ్ అమెరికాలో ఆ పేపర్ ఉందేమో వెతకండి, ఉచితమే, ఉంటే అదే తేదీ పేజీ తెరిచి వరసగా పోల్చుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు:
థాంక్సండీ. దొరికితే హాల్లో కిటికీ ఎదురుగా పెడదామంటోంది మా ఆవిడ.

జవాబు:
వద్దండీ బాబూ! అప్పటికే చెక్క గుజ్జు కాగితం వాడకం బాగా పెరిగింది, అందులో ఆమ్లం ఉంటుంది, ఎండ తగిలితే అప్పడంలా విరుగుతుంది. ల్యామినేషన్, సెల్లోటేపు జోలికి పోకండి. ఆమ్లం లేని అట్ట మీద పరిచి పాలియెస్టర్ కవర్లో పెట్టి బీరువాలో దాచండి, గోడకు కలర్ జిరాక్స్ చాలు.